బొరియ మీద వల పరిచినా కుందేలు జారిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఫెర్రెట్‌తో (బొరియలోకి దూరి కుందేళ్లను బయటికి తరిమే, ముంగిస లాంటి చిన్న పెంపుడు జంతువు) కుందేళ్ల వేటకు నేను కొత్త. కన్నాల మీద సంచి వలలు పరుస్తున్నాను, అదే, కుందేలు వచ్చి తగలగానే తాడు బిగిసి మూతి మూసుకునే రకం. కింది రింగు కన్నం అంచు లోపల పెట్టి, పై రింగు వైపు తాడును మేకుకు కట్టి నేలలో దిగ్గొడుతున్నాను. అయినా నిన్న మూడింటిలో రెండు పోయాయి. ఒకటి వలను పక్కకు నెట్టేసి దూకింది. ఇంకోదానికి తాడు ఏదో వేరుకు తట్టుకుని బిగియలేదు.

వల బిగుతుగా పరచాలా, కాస్త వదులుగా వదలాలా? నావి నైలాన్‌వి, చిక్కులు విప్పేసరికే ఓపిక అయిపోతోంది. జనపనారవి నయమా? పొదల్లో దాగిన కన్నాలు ఎలా కనిపెడతారు? అడుగుల చప్పుడు లేకుండా ఎంత వెతికినా ఒకటి వదిలేస్తున్నాను, కుందేలు సరిగ్గా అందులోంచే పోతుంది!