వారానికొకటి వేసుకోవాల్సిన డి3 అమ్మ రోజూ వేసేసుకుంది, ఇప్పుడేం చేయాలి?

మూడో అంతస్తు:
అందరికీ నమస్తే, కంగారులో టైప్ చేస్తున్నా తప్పులుంటే సర్దుకోండి. మా అమ్మకి 59, ఒంగోలు వైపు పల్లెటూరు, పోయిన నెల కూకట్‌పల్లి నా దగ్గరికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ తొడలు పీకేస్తున్నాయే, నడుం పట్టేస్తోందే అని ఒకటే గొడవ, కింద కూర్చుంటే మంచం పట్టె పట్టుకుంటే తప్ప లేవలేకపోతోంది. డాక్టర్‌కి చూపిస్తే టెస్టులు రాశారు, విటమిన్ డి 9.4 వచ్చింది, 30 ఉండాలంట. అరవై వేల యూనిట్ల డి3 క్యాప్సూల్స్ ఎనిమిది, కాల్షియం రోజూ ఒకటి రాశారు. మందులు తెచ్చింది మా ఆయన, అమ్మ చేతిలో పెట్టింది నేను, ఇద్దరం ఆఫీసు హడావుడిలో చీటీ సరిగ్గా చూళ్లేదు. షాపతను కవర్ మీద పెన్నుతో "1" అని గీసిచ్చాడు, అంతే. నిన్న రాత్రి చూద్దును కదా ఎనిమిదీ ఖాళీ! అడిగితే "టిఫిన్ అవగానే రోజూ ఒకటి వేసుకుంటున్నా కదే, కాస్త తేలిగ్గానే ఉంది" అంటోంది. చీటీలో వారానికి ఒకటి అని ఉంది. డాక్టర్ గారు సోమవారం దాకా రారంట. వాంతులూ అవీ ఏం లేవు. కిడ్నీలు పోతాయని ఎక్కడో చదివాను, అప్పట్నుంచి నిద్ర లేదు. అమ్మ థైరాయిడ్ మాత్ర కూడా వాడుతుంది, అదేమైనా తేడా చేస్తుందా?

తెనాలి మందులకొట్టు:
అమ్మాయ్, ముందు నీళ్లు తాగి కూర్చో. 27 ఏళ్లుగా కౌంటర్ వెనకాల నిలబడుతున్నా, ఈ పొరపాటు నేను చూసినన్ని సార్లు ఇంకేదీ చూళ్లేదు. లెక్క వేద్దాం. ఎనిమిది అరవై వేలు అంటే నాలుగు లక్షల ఎనభై వేల యూనిట్లు, ఎనిమిది రోజుల్లో. డి బాగా తక్కువున్నోళ్లకి కొందరు డాక్టర్లు ఆరు లక్షల ఇంజెక్షన్ ఒక్కసారే పొడిచేస్తారు, మన దగ్గర ఏళ్ల తరబడి నడిచిన పద్ధతే అది. అంచేత 9.4 ఉన్న మనిషికి ఒక్కసారి ఇంత పడినంత మాత్రాన కొంపలేం మునగవు. అలాగని వదిలెయ్యకూడదు కూడా. డి3 ఆపెయ్, ఎలాగూ అయిపోయాయి, కొత్తవి కొనకు. కాల్షియం మాత్ర కూడా డాక్టర్‌ని అడిగేదాకా ఆపు. రేపు పొద్దున్నే ఏ ల్యాబ్‌కన్నా వెళ్లి సీరం కాల్షియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చేయించు, పెద్ద ఖర్చేం కాదు. ఈ డి విటమిన్ కొవ్వులో దాక్కుని మెల్లిగా బయటికొస్తది, అందుకని రెండు మూడు వారాలాగి కాల్షియం ఇంకోసారి చూపించుకోమంటారు. ఈలోగా దాహం ఆగకపోవడం, మాటిమాటికీ ఒంటేలుకెళ్లడం, వాంతులు, మలబద్ధకం, మనిషి మగతగా మాట తడబడటం, ఇట్లాంటిది ఏది కనపడ్డా సోమవారం దాకా ఆగొద్దు, ఆ డాక్టరే కావాలని కూర్చోవద్దు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపో. అమ్మగారికి ఇంతకుముందు కిడ్నీలో రాళ్లో టీబీనో ఉందా? ఉంటే కథ వేరు, ఇవ్వాళే ఎవరో ఒక డాక్టర్‌తో మాట్లాడు.

మూడో అంతస్తు:
రాళ్లు లేవు బాబాయ్ గారు, టీబీ లేదు. పొద్దున్నే వెళ్తాం. థ్యాంక్యూ అండి నిజంగా.

తెనాలి మందులకొట్టు:
కిడ్నీలు పోయేది ఎప్పుడో కూడా చెప్తా, ఊరికే భయపడకుండా. మా వీధిలో ఒక పెద్దాయన, రిటైర్ అయ్యాడు, ఇదే అరవై వేలది రోజుకొకటి చొప్పున నాలుగు నెలలు వేసుకున్నాడు, మోకాళ్లకి మంచిదని. ఎవరూ రాయలా, పాత చీటీ పట్టుకుని ఊళ్లో ఒక్కో షాపులో ఒక్కో స్ట్రిప్ కొన్నాడు. అన్నం సయించట్లేదు, మోషన్ అవట్లేదు, గ్యాస్ అనుకుని గ్యాస్ మందులు మింగాడు. చివరికి కొడుకు పేరు కూడా తడుముకునే స్థితిలో ఆస్పత్రికి తీసుకెళ్తే కాల్షియం 14 దాటి ఉంది, క్రియాటినిన్ పెరిగింది, పది రోజులు సెలైన్లు. బతికి బయటపడ్డాడు గానీ కిడ్నీ మునుపటిలా లేదు. ఆ స్ట్రిప్పుల్లో రెండు నేనిచ్చినవే. అప్పట్నుంచి నా కొట్లో అరవై వేలది ఎవరు కొన్నా కవర్ మీద అంకె వేయను, "ఆదివారం మాత్రమే" అని తెలుగులో రాసి చదివించుకుంటా. నీ కవర్ మీద "1" గీసినోడి మీద నాకు ఒళ్లు మండుతోంది కానీ రద్దీ టైంలో మేమందరం చేసే పనే అది.

బంజారాహిల్స్ బ్యాచిలర్:
నాకూ డి 11 వచ్చింది. ఈ వారాల గోల లేకుండా ఆ ఆరు లక్షల ఇంజెక్షన్ ఒకటి వేయించుకుంటే అయిపోద్దిగా? ఏడాదికోసారి అంట, మా జిమ్‌లో చెప్పారు.

మెల్బోర్న్ కోడలు:
జిమ్‌లో చెప్పారా 🙂 ఇక్కడ మా విక్టోరియాలోనే 70 దాటిన ఆడవాళ్లకి ఏడాదికోసారి అయిదు లక్షల యూనిట్లు నోటి ద్వారా ఇచ్చి చూశారు, రెండు వేల మంది పైనే, ఎముకలు విరగడం తగ్గుతుందని. 2010లో ఫలితం వచ్చింది, తీరా చూస్తే మందు తీసుకున్నవాళ్లే ఎక్కువ పడ్డారు, ఎముకలు విరగ్గొట్టుకోవడమూ వాళ్లలోనే ఎక్కువ. మీ వయసు వేరే అనుకోండి, కానీ ఒకేసారి కుమ్మరించడం కంటే కొంచెం కొంచెం మేలు అని డాక్టర్లు అంటున్నది అందుకే. అన్నట్టు నాదో డౌటు, నా రిపోర్టులో 45 వచ్చింది. మీరందరూ 30 చాలంటున్నారు, మా జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) ఏమో తక్కువుంది మాత్రలు వాడు అంటోంది. ఎవరు కరెక్టు?

తిరుపతి ల్యాబ్:
ఇద్దరూ కరెక్టే అక్కా, కొలతలు వేరు. ఇండియాలో నానోగ్రాముల్లో ఇస్తాం, మీ దగ్గర నానోమోల్స్‌లో ఇస్తారు. మీ అంకెని రెండున్నరతో భాగించండి, 18 అయితుంది. 20 కంటే తక్కువ అంటే లోపం అనే ఎక్కువ మంది డాక్టర్లు లెక్కేస్తారు. 20 నుంచి 30 మధ్య ఉన్నోళ్లని కూడా జబ్బుమనుషుల్లా చూడాల్నా అన్నది డాక్టర్ల మధ్యనే తెగలేదు. ఒళ్లు బాగున్న వాళ్లందరికీ ఊరికే ఈ టెస్టు చేయొద్దని 2024లో అమెరికా హార్మోన్ల డాక్టర్ల సంఘం కూడా చెప్పింది. ల్యాబ్‌లో పని చేస్తా ఈ మాట చెప్పకూడదేమో, కానీ ఫుల్ బాడీ ప్యాకేజీలో 26 వచ్చిందని ఏడుస్తా వచ్చేవాళ్లని రోజూ చూస్తాన్నా.

మూడో అంతస్తు గారూ, మీ అమ్మగారిది మాత్రం ఆ కోవ కాదు. తొడలు నొప్పి, కింద నుంచి లేవలేకపోవడం, 9.4, ఇవి మూడూ కలిస్తే ఎముక మెత్తబడిందేమో చూడాల్సిందే. ఎముక గుల్లబారడం వేరు, మెత్తబడడం వేరు. గుల్లబారితే విరిగిందాకా నొప్పే తెలియదు, ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో బయటపడుతుంది. మెత్తబడితే ఎముకే నొప్పి, నొక్కితే నొప్పి, తొడ కండల్లో బలం ఉండదు. కాల్షియం ఎట్లాగూ చేయిస్తారు కదా, అదే రక్తంలో ఫాస్ఫరస్, ఎముక మెత్తబడితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా చేయించండి, డాక్టర్ గారికి చాలా పనికొస్తాయి. పీటీహెచ్ (కాల్షియంని అదుపు చేసే హార్మోన్ టెస్టు) ఖర్చెక్కువ, అది ఆయన అడిగితే చూద్దురు.

మూడో అంతస్తు:
మోకాళ్లు కూడా నొప్పే అంటోంది. డి ఎక్కితే అవీ తగ్గుతాయా?

తెనాలి మందులకొట్టు:
మోకాలి చిప్ప అరిగితే డి దాన్ని మళ్లీ అతికించదమ్మా. తొడల నొప్పి, లేచే బలం, అవి నెల రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. మోకాలి సంగతి వేరేగా చూపించాల్సిందే. థైరాయిడ్ అన్నావు కదా, మర్చిపోయా. కాల్షియం మాత్ర ఎప్పుడేస్తోంది?

మూడో అంతస్తు:
ఆరింటికి థైరాయిడ్, ఏడున్నరకి టిఫిన్, దాంతోపాటే డి3, కాల్షియం రెండూ.

తెనాలి మందులకొట్టు:
అదీ మార్చాలి. థైరాయిడ్ మాత్రకీ కాల్షియంకీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే కాల్షియం దాన్ని ఒంటికి పట్టనివ్వదు, ఐరన్ మాత్రదీ అదే గోల. మళ్లీ మొదలుపెట్టమన్నప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నాక వెయ్యండి. డి3 ఏమో ఖాళీ కడుపున కాదు, కాస్త నెయ్యో పెరుగో గుడ్డో ఉన్న భోజనం తర్వాత వేస్తేనే బాగా పడుద్ది.

మిర్యాలగూడ మామ:
బిడ్డా ఒక్క మాట అడుగుత. ఒంగోలు దిక్కు అంటే ఏ ఊరు? ఇన్నేండ్లు ఏం నీళ్లు తాగిన్రు?

మూడో అంతస్తు:
కనిగిరి దగ్గరండి. చిన్నప్పట్నుంచీ బోరు నీళ్లే, డబ్బా నీళ్లు ఈమధ్య మొదలుపెట్టారు. ఎందుకు మామా?

మిర్యాలగూడ మామ:
గదే అనుకున్న. మా నల్లగొండల ఫ్లోరైడ్ సంగతి అందరికీ ఎరుకే, కాళ్లు వంకర్లు పోయిన పిల్లలను చూస్కుంట పెరిగినోళ్లం. 1973ల హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) సైంటిస్టులు మా జిల్లా పోరగాళ్ల మోకాళ్లు లోపలికి వంగుడు గురించి రాసిన్రు. కానీ మీ దిక్కు సుత తక్కువేం లేదు, 1937లనే పాత నెల్లూరు జిల్లాల ఈ రోగం గురించి రాసిన్రు, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందనే ఉండె. ఎందుకు చెప్తున్ననంటే నడుం పట్టేసుడు, మెడ తిరగకపోవుడు, కింద కూసుంటే లేవరాకపోవుడు, ఇవి ఫ్లోరైడ్‌ల సుత ఉంటయి. తిండిల కాల్షియం తక్కువున్నోళ్లకు ఫ్లోరైడ్ దెబ్బ ఇంకింత గట్టిగ తగుల్తది, రెండూ కలిసి ఉండొచ్చు. మా అవ్వకు డి గోలీలు ఎన్ని మింగినా నడుం వంగలే, ఆఖరికి ఒక డాక్టర్ ముంజేయి ఎక్స్‌రే తీపిచ్చి రెండు ఎముకల నడుమ పొర గట్టిపడ్డది చూపెట్టి అప్పుడు ఇది ఫ్లోరైడ్ అని చెప్పిండు. నీ డాక్టర్‌కు ఊరి పేరు, బోరు నీళ్లు అని చెప్పు, హైదరాబాద్‌ల కూసున్నాయనకు ఎట్ల తెలుస్తది.

మూడో అంతస్తు:
మెడ కూడా పట్టేస్తుంది మామా!! వెనక ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతుంది, మేం నవ్వుతాం కూడా. ఎవరూ నీళ్ల గురించి అడగలేదు ఇంతవరకు.

బంజారాహిల్స్ బ్యాచిలర్:
ఇంత ఎండల దేశంలో ఈ లోపం ఏంటసలు? నేను రోజూ ఆరున్నరకి పార్కులో వాకింగ్ చేస్తా, లేత ఎండ మంచిది కదా.

తిరుపతి ల్యాబ్:
లేత ఎండలో వాకింగ్ గుండెకి మంచిది, డి కి మాత్రం ఏమీ రాదు. చర్మంలో డి పుట్టించే కిరణాలు పొద్దు పైకెక్కితేనే దిగుతాయి. మా తిరుపతిలోనే కొలిచి చూశారు, పొద్దున 11 నుంచి 2 లోపల బాగా తయారయితుందని తేలింది. గడియారం లేకున్నా ఒక గుర్తు ఉంది, మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే డి పుడుతుంది, పొడుగ్గా ఉంటే లేదనుకోండి. మే నెలలో తొమ్మిది దాటేసరికే నీడ పొట్టిదైపోతుంది, రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం నిలబడమని ఎవరూ చెప్పరు. డిసెంబర్‌లో అయితే పదకొండు నుంచి ఒంటిగంటన్నర మధ్యనే. అద్దం వెనక ఎండ లెక్కలోకి రాదు, కార్లోనైనా బాల్కనీ గ్లాసు వెనకైనా. చామనఛాయ చర్మానికి టైం ఇంకా ఎక్కువ పడుతుంది. ముఖం, మోచేతుల దాకా చేతులు, వీలైతే కాళ్లు, 20 నుంచి 30 నిమిషాలు, చర్మం ఎర్రబడకముందే లోపలికి వచ్చేయాలి.

ఇంకోటి, మా దగ్గరే స్విమ్స్ ఆస్పత్రి వాళ్లు 2007లో రాసిన దాంట్లో ఒక్క డి మాత్రమే కాదు, మన తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనీయని ఫైటేట్లు ఎక్కువ అని కూడా ఉంది. కాల్షియం చాలకపోతే ఉన్న డి కూడా తొందరగా ఖర్చయిపోతుంది. అన్నంలో కాల్షియం దాదాపు లేనట్టే. 100 గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా, పాలు పెరుగులో 120 దగ్గర. మనిషికి కావల్సింది రోజుకు 1000, ముట్లుడిగిన ఆడవాళ్లకి 1200. ఉత్త మాత్రతోనే నెట్టుకొచ్చే కన్నా రాగిసంగటి, గట్టి పెరుగు, మునగాకు పప్పు, నువ్వుల పొడి పళ్లెంలోకి రానీయండి. రాగులు నానబెట్టి మొలకెత్తించి పట్టిస్తే ఆ ఫైటేట్లు తగ్గుతాయి.

మెల్బోర్న్ కోడలు:
మొలకెత్తిన రాగిపిండి చేసేటప్పుడు పూర్తిగా ఎండాకే పట్టించండి, నేను తొందరపడి సగం తడితో మిక్సీ వేసి బ్లేడు విరగ్గొట్టుకున్నా 😭

మూడో అంతస్తు:
అప్‌డేట్. కాల్షియం 9.8, క్రియాటినిన్ 0.8, రెండూ నార్మల్! ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం ఎక్కువుంది, ఫాస్ఫరస్ కొంచెం తక్కువ. సోమవారం డాక్టర్ గారికి జరిగింది దాచకుండా చెప్పాం, తిడతారనుకున్నా, ఆయన తల పట్టుకుని "ఈ నెలలో మీరు మూడోవాళ్లు" అన్నారు. డి3 ఇప్పుడేమీ వద్దు, కోర్సు అయిపోయినట్టే, మూడు వారాలకి కాల్షియం మళ్లీ, మూడు నెలలకి డి చూసి నెలకొకటి ఇవ్వాలో వద్దో చెప్తానన్నారు. ఈ కాల్షియం రిపోర్టు చూసి కాల్షియం మాత్ర మాత్రం మధ్యాహ్నానికి మార్చి మొదలుపెట్టమన్నారు. కనిగిరి బోరు నీళ్లు అనగానే పెన్ను కింద పెట్టి అమ్మని మెడ తిప్పమన్నారు, గడ్డం రొమ్ముకి ఆనించమన్నారు, ఆనలేదు. ముంజేయి, నడుము, తుంటి ఎక్స్‌రేలు రాశారు. మామా మీకు దండం.

అమ్మ మాత్రం ఎండలో నిలబడమంటే "ఈ వయసులో నల్లబడి ఎవర్ని ఉద్ధరించాలే" అంటోంది. వడియాలు పెట్టిస్తున్నా మిద్దె మీద, పదకొండింటికి, వాటికి కాపలా అని చెప్పి. మొదటిరోజు గొడుగు తీసుకెళ్లింది.

తెనాలి మందులకొట్టు:
గొడుగు దాచెయ్ 😀 రెండో కాల్షియం రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టు, మర్చిపోకు. వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీకి ఇప్పుడే గుండ్రం చుట్టు.

మిర్యాలగూడ మామ:
ఎక్స్‌రే సుత పెట్టు బిడ్డా. ఊర్ల ఇంకా బోరు నీళ్లే తాగేటోళ్లు ఎవలన్న ఉంటే వాళ్లకు సుత చెప్పు.