షుగరు ఉన్న అమ్మకు అరికాలిలో ఆనెకాయ: ఎవరికి చూపించాలి?

నమస్కారం. మా అమ్మకు అరవై దాటాయి, చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో ఆనెకాయ గట్టిపడి మధ్యలో నల్లటి మచ్చ కనిపిస్తోంది. నొప్పి లేదంటుంది. నా భయమంతా అందుకే. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఆనె కిందనే పుండు పడి, చీము పట్టేదాకా తెలియకపోవచ్చు.

మందుల దుకాణంలో ఆనెకాయ పట్టీలు ఇచ్చారు. వాటిలోని శాలిసిలిక్ ఆమ్లం షుగరు ఉన్నవారి చర్మాన్ని పుండు చేయగలదు కాబట్టి వేయనివ్వలేదు. బ్లేడుతో కోసుకుంటానంటే అదీ ఆపాను.

మా ఊళ్లో పాదాల వైద్యులు లేరు. ఈ వారంలోనే చూపించాలి. దగ్గర్లోని సర్జన్ సరిపోతారా, హైదరాబాదులో మధుమేహ పాదాల విభాగం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలా? గట్టిపడిన చర్మాన్ని చెక్కేసి, 10 గ్రాముల నైలాన్ పోగుతో స్పర్శనూ, డాప్లర్‌తో రక్తప్రసరణనూ చూస్తారని తెలుసు. ఆ తర్వాత ఎం.సి.ఆర్. చెప్పులు (మైక్రో సెల్యులార్ రబ్బరు అనే మెత్తటి రబ్బరుతో చేసేవి) కొలతకు చేయించినవారు ఎవరైనా ఉన్నారా? అవి ఇంట్లోనూ వేసుకోవాలి కదా, వంటింట్లోకి చెప్పులా అని అమ్మ ససేమిరా అంటోంది. మీ పెద్దవాళ్లను ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి.