సి డ్రైవ్ ఎంత ఖాళీ చేసినా మళ్లీ నిండిపోతోంది, ఫార్మాట్ తప్పదా?

తణుకు_స్టూడియో:
అందరికీ నమస్కారం. మాది తణుకులో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు ప్రీమియర్ ప్రోలో నేనే ఎడిట్ చేస్తాను. విండోస్ 11, సి డ్రైవ్ 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, డి డ్రైవ్ 2 టీబీ హార్డ్ డిస్క్. ఫుటేజ్, ప్రాజెక్టులు, ఎక్స్‌పోర్ట్ చేసినవి అన్నీ డిలోనే పెడతాను. అయినా సి డ్రైవ్ ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉంటోంది. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను, వాడని సాఫ్ట్‌వేర్లు తీసేశాను. నాలుగైదు జీబీ వస్తుంది, ఇంకో పెళ్లి పని మొదలుపెట్టగానే అదీ పోతుంది. నిన్న ఒక రిసెప్షన్ వీడియో డిస్క్ ఫుల్ అని సగంలో ఆగిపోయింది. శ్రావణమాసం ముహూర్తాలు వరసగా ఉన్నాయి, పార్టీలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

దాచిన ఫైళ్లు చూస్తే సిలో హైబర్‌ఫిల్, పేజ్‌ఫైల్ అని రెండు పెద్దవి, విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అని ఇంకొకటి కనిపించాయి. తీసేయొచ్చా? సర్వీస్ చేసే అబ్బాయి ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు.

కీబోర్డ్_రాజు:
256 కొన్నా విండోస్ చూపించేది 238 జీబీనే, కంపెనీ లెక్క వేరు, విండోస్ లెక్క వేరు. అందులో విండోస్, అడోబీ పోగా మిగిలేది తక్కువే. ఇంకో ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి.

ఎడిటింగ్_బల్ల:
తమ్ముడూ, ఫార్మాట్ మాత్రం కొట్టించకు. కొట్టినా నాలుగు పెళ్లిళ్లు ఎడిట్ చేసేసరికి మళ్లీ ఇదే పరిస్థితి. నేనూ పెళ్లి వీడియోల పనిలోనే ఉన్నాను, నువ్వు రాసింది చదవగానే నాకు ప్రీమియర్ క్యాష్ (పని వేగంగా సాగడానికి అది రాసి పెట్టుకునే తాత్కాలిక ఫైళ్లు) మీదకే అనుమానం పోయింది.

ముందు విజ్‌ట్రీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేసి సి డ్రైవ్ స్కాన్ చెయ్యి. క్షణాల్లో ఏ ఫోల్డర్ ఎంత తింటోందో పెద్దది పైన వచ్చేలా చూపిస్తుంది. యూజర్స్‌లో నీ పేరు, అందులో యాప్‌డేటా, రోమింగ్, అడోబీ, కామన్ వరకు వెళ్లు. అక్కడ మీడియా క్యాష్ ఫైల్స్ అని ఫోల్డర్ ఉంటుంది. ఫుటేజ్ డిలో ఉన్నా, క్లిప్పులు ఇంపోర్ట్ చేసినప్పుడల్లా ఆడియోకి ప్రీమియర్ వేరే కాపీ తయారుచేసుకుంటుంది. టైమ్‌లైన్‌లో సౌండ్ గీతలు గీయడానికి పీక్ ఫైళ్లు కూడా రాసుకుంటుంది. అవన్నీ మనం మార్చకపోతే సిలోనే పడతాయి. పెళ్లి ఇచ్చేసి డబ్బులు వచ్చేసినా అవి అక్కడే ఉంటాయి. రెండు మూడు కెమెరాలతో రాత్రంతా తీసిన పెళ్లికి ఎంత పేరుకుంటుందో నీకే తెలుస్తుంది.

చేత్తో డిలీట్ చేయకు. ప్రాజెక్ట్ ఏదీ తెరవకుండా ప్రీమియర్ ఓపెన్ చేసి, ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, మీడియా క్యాష్‌కి వెళ్తే డిలీట్ బటన్ ఉంటుంది. అన్నీ తీసెయ్యమని ఎంచుకో. నీ ఫుటేజ్‌కి గానీ ప్రాజెక్ట్‌కి గానీ ఏమీ కాదు. పాత ప్రాజెక్ట్ తెరిస్తే క్యాష్ మళ్లీ తయారవుతుంది, కాసేపు ఆగాలి అంతే. కాబట్టి రేపే ఇవ్వాల్సిన పని చేతిలో ఉంటే అది ఇచ్చేశాక చెయ్యి. ఇన్ని రోజులు దాటినవి వాటంతట అవే పోయేలా పెట్టుకోవడం కూడా అక్కడే ఉంది, తప్పకుండా పెట్టు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వాడుతుంటే దాని డిస్క్ క్యాష్ వేరే, దాని ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి ఖాళీ చేయాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ప్రాజెక్ట్ పక్కన ఆటో సేవ్ అని ఫోల్డర్ ఉంటుంది, దాని జోలికి వెళ్లకు. ప్రాజెక్ట్ ఫైల్ పాడైన రోజు నిన్ను కాపాడేది అదే.

నువ్వు అడిగిన మూడింటిలో పేజ్‌ఫైల్ ర్యామ్ చాలనప్పుడు పనికొచ్చేది, ఎడిటింగ్ సిస్టమ్‌లో దాన్ని ముట్టుకోవద్దు. హైబర్‌ఫిల్ హైబర్నేషన్‌ది, అంటే తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి సిస్టమ్‌ని ఆపేసే పద్ధతిది. హైబర్నేషన్ ఆపేస్తే అదే పోతుంది, కాకపోతే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌ని అసలు డిలీట్ చేయకు, విండోస్ దెబ్బతింటుంది. ఒకే ఫైల్‌ని రెండు చోట్ల లెక్కేయడం వల్ల అది ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది కూడా. డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైల్స్ బటన్ నొక్కితే పాత అప్‌డేట్ల చెత్త, ఉంటే పాత విండోస్ ఫోల్డర్ అదే తీసేస్తుంది.

సుబ్బలక్ష్మి_డీటీపీ:
సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ నుంచి చేసేవాళ్లు డౌన్‌లోడ్స్ దగ్గర టిక్ ఉందేమో చూసుకోండి. కస్టమర్లు పంపిన ఫొటోలు చాలామందికి ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి.

తణుకు_స్టూడియో:
అన్నా, మీరన్నదే నిజం. మీడియా క్యాష్ ఫైల్స్ ఒక్కటే 71 జీబీ! పోయిన మాఘమాసం పెళ్లిళ్లవి కూడా ఉన్నాయి. రిసెప్షన్ వీడియో ఇచ్చేశాక అన్నీ తీసేశాను, ఇప్పుడు సిలో 80 జీబీ పైన ఖాళీ. చాలా థాంక్స్ అన్నా. ఆ క్యాష్‌ని డి డ్రైవ్‌కి మార్చేయమంటారా?

ఎడిటింగ్_బల్ల:
ఇప్పుడే వద్దు. నీ డి మామూలు హార్డ్ డిస్క్, ఫుటేజ్ చదవడం, క్యాష్ రాయడం రెండూ దాని మీదే పడితే టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. సీజన్ అయ్యేదాకా సిలోనే ఉంచి, మూఢం వచ్చాక రాజు గారు చెప్పినట్టు ఇంకో ఎస్‌ఎస్‌డీ వేయించి క్యాష్ అంతా దానిలోకి మార్చు. ఆ ప్రిఫరెన్సెస్‌లోనే బ్రౌజ్ అని ఉంటుంది.