అలంపురం నవబ్రహ్మ ఆలయాలపై నాగర శిఖరాలు ఎలా వచ్చాయి?

ప్రశ్న: బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో తుంగభద్ర ఒడ్డున కట్టించిన ఈ గుళ్లలో కొలువైనది శివుడే కదా, మరి బ్రహ్మ పేర్లెందుకు? దక్షిణాదిన ఉత్తరాది తరహా నాగర శిఖరాలెందుకు?

జవాబు 1: చాళుక్య రాజ్యం ఉత్తర దక్షిణాల నడుమ ఉండటం వల్ల వారి స్థపతులకు, అంటే ఆలయాలు కట్టే శిల్పులకు, ఉత్తరాది నాగర, దక్షిణాది ద్రావిడ పద్ధతులు రెండూ తెలుసు. కర్ణాటకలో చాళుక్యుల గుళ్లున్న పట్టదకల్లులో, గర్భగుడిపై అంతస్తులుగా లేచే ద్రావిడ విమానమున్న విరూపాక్షాలయానికి దగ్గరలోనే నాగర శిఖరంతో గళగనాథాలయం కనిపిస్తుంది. మీరు అలంపురం వెళితే స్వర్గబ్రహ్మాలయం దగ్గర తప్పక ఆగండి. వంపు తిరుగుతూ పైకి సాగే శిఖరాన్నీ, దాని ముందరి గవాక్షంలో నాట్యమాడే శివుణ్ణీ చూశాక లోపలికి వెళ్లండి. గర్భగుడి చుట్టూ ఉన్న ప్రదక్షిణ మార్గంలోకి రాతి జాలి కిటికీల గుండా వడగట్టినట్టు వెలుతురు పడుతుంది. నాకు శిఖరం కన్నా ఆ వెలుతురే గొప్పగా తోస్తుంది.

జవాబు 2: బ్రహ్మ ఇక్కడ శివుణ్ణి గూర్చి తపస్సు చేశాడని స్థలపురాణం. నేటికీ పూజలందుకునే ప్రధానాలయం బాలబ్రహ్మేశ్వరునిది.

జవాబు 3: కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా చూడండి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా దాన్ని రాళ్లుగా విప్పి, అలంపురానికి తరలించి, తిరిగి నిలబెట్టారు.