దవడ పంటికి తెల్ల ఫిల్లింగ్ నిలుస్తుందా, వెండి సిమెంటే మేలా?

నెల్లూరు అబ్బాయి, మారతహళ్లి:
అందరికీ నమస్కారం. కుడివైపు కింది దవడ పన్నుకి నేను ఇంటర్ చదివేటప్పుడు నెల్లూరులో వెండి సిమెంట్ పెట్టారు. 14 ఏళ్ళు నడిచింది. రెండున్నరేళ్ళ క్రితం ఇక్కడ బెంగళూరులో ఒక క్లినిక్‌లో చూపిస్తే, అంచు కింద పుచ్చు మొదలైందని అది తీసేసి తెల్లది, అదే కాంపోజిట్, పెట్టారు. మొత్తం పావుగంటలో అయిపోయింది. పోయిన ఆదివారం పప్పన్నంలో ఆవకాయ ముక్క కొరికితే టెంక తగిలి ఒక మూల ఊడి చేతిలోకి వచ్చింది. ఇప్పుడు అదే క్లినిక్ వాళ్ళు "ఇంకా గట్టి మెటీరియల్ ఉంది, రేటు ఎక్కువ" అంటున్నారు. అసలు నమిలే పంటికి ఈ ప్లాస్టిక్ లాంటిది సరిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

మడివాళ వాసి:
సరిపోదు తమ్ముడూ. మా నాన్నగారి వెండి సిమెంట్ 25 ఏళ్ళుగా అలాగే ఉంది. చెరుకు కూడా ఆ పక్కనే నములుతారు. ఇది మా ఇంటి మాట ఒక్కటే కాదు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2014 సమీక్షలో అంతకుముందు జరిగిన పరిశోధనలు కలిపి చూసి, దవడ పళ్ళలో కాంపోజిట్ విఫలమయ్యే అవకాశం వెండిదానికన్నా దాదాపు రెట్టింపు అని తేల్చారు.

పళ్ళ డాక్టర్, జయనగర్:
మడివాళ గారూ, ఆ సమీక్ష నేనూ చదివాను. మీరు చెప్పిన అంకె నిజమే. కానీ అందులోనే ఇంకో మాట ఉంది: విరగడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. కాంపోజిట్లు ఎక్కువగా పోయింది అంచుల్లో మళ్ళీ పుచ్చు పట్టి. కాబట్టి గట్టితనం దగ్గరే ఆగిపోతే లాభం లేదు.

నొక్కుడుకి మంచి కాంపోజిట్ సుమారు 300 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంటుంది. అంటే చదరపు మిల్లీమీటరు మీద 30 కిలోల బరువు పెట్టినట్టు. వెండిది 400 దాటుతుంది. నమలడానికి రెండూ చాలు. వెండి సిమెంట్ నొక్కితే గట్టిది, లాగితే పెళుసు. అందుకే దాన్ని మందంగా పెట్టాలి, ఊడకుండా ఉండటానికి బాగున్న పన్నును కూడా లోపల వెడల్పుగా కోయాలి. 1955లో బూనోకోర్ అనే పరిశోధకుడు ఎనామెల్‌కి, అంటే పంటి పై పొరకి, ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి గరుకు చేస్తే రెజిన్, అంటే గట్టిపడే ప్లాస్టిక్ జిగురు, పట్టుకుంటుందని చూపించారు. 1962లో రాఫెల్ బోవెన్ కాంపోజిట్‌కి ఆధారమైన బిస్-జీఎంఏ రెజిన్‌కి పేటెంట్ పొందారు. అప్పటినుంచి ఆ కోత తగ్గుతూ వచ్చింది. కోసేసిన పన్ను మళ్ళీ మొలవదు కదండీ, నేను కాంపోజిట్ వైపు నిలబడేది అందుకే.

మెటీరియల్స్ ఇంజినీర్, యశ్వంతపుర:
డాక్టర్ గారూ, కంపెనీ కాగితాల్లో ఉండే బలం అంకెలు ఎలా వస్తాయో కూడా చెప్పాలి. ఐఎస్ఓ 4049 అనే అంతర్జాతీయ ప్రమాణం పరీక్షలో 25 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న కడ్డీ చేస్తారు. గట్టిపడేలా నీలి లైట్ సరిగ్గా పట్టించి, 37 డిగ్రీల నీళ్ళలో ఒక రోజు ఉంచి, వంచి విరుస్తారు. నమిలే పళ్ళకైతే కనీసం 80 మెగాపాస్కల్స్ రావాలి. నోట్లో అలా ఒక్కసారి వంచి వదిలెయ్యరు. రోజంతా నమలడం, వేడి కాఫీ, వెంటనే చల్లనీళ్ళు, ఎప్పుడూ తడి. కాంపోజిట్ బరువులో సుమారు ముప్పాతిక వంతు గాజు లాంటి పొడి. దాన్ని రెజిన్‌కి కలిపి ఉంచే సైలేన్ అతుకును నీరు మెల్లగా వదులు చేస్తుంది.

అంతకన్నా ముఖ్యం, గట్టిపడేటప్పుడు ఇది 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. పంటి గోడకి అంటుకున్నది కుంచించుకుంటే గోడనైనా లాగాలి, గోడనుంచైనా వదలాలి. మీరు చెప్పిన అంచు పుచ్చుకి దారి ఆ సందే. ఇక ఆ నీలి లైట్ మామూలు కాంపోజిట్‌లో 2 మిల్లీమీటర్ల లోతు దాకానే బాగా పనిచేస్తుంది. లోతైన గుంటను ఒకేసారి నింపి లైట్ పెడితే పైన రాయిలా ఉంటుంది, అడుగున పచ్చిగా మిగులుతుంది. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. తమ్ముడి పని పావుగంటలో అయిపోయిందంటే నా అనుమానం అక్కడే. రేటు ఎక్కువున్న మెటీరియల్‌ని కూడా అదే పావుగంటలో పెడితే ఏం లాభం?

పళ్ళ డాక్టర్, జయనగర్:
ఇది ఒప్పుకుంటాను. బల్క్ ఫిల్ రకం 4 మిల్లీమీటర్ల దాకా ఒకేసారి వేయొచ్చు గానీ, మామూలుదైతే పొరలు తప్పవు. పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పలచటి రబ్బరు షీట్ కట్టి, ఉమ్మి తగలకుండా పొర పొరగా వేస్తే నాకు ముప్పావు గంట పడుతుంది. లైట్ శక్తిని మీటర్‌తో చూసుకుంటూ ఉండాలి కూడా.

వెనక్కి వెండిదానికే వెళ్దామంటే మాత్రం ఒప్పుకోను. అందులో పాదరసం ఉంది. 15 ఏళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు డాక్టర్ అవసరమనుకుంటే తప్ప అది వాడకూడదని, పాదరసం వాడకాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందం దేశాలు 2022లో తీర్మానించాయి.

నెల్లూరు బాబూ, ఊడింది ఫిల్లింగ్ ఒక్కటేనా, పన్ను గోడ కూడానా? 14 ఏళ్ళ సిమెంట్ తీసి, పుచ్చు తీసి నింపారంటే గుంట పెద్దదే అయ్యుంటుంది. మిగిలిన గోడ మరీ పలచనైతే ఏ ఫిల్లింగ్ పెట్టినా ఇదే జరుగుతుంది. ఆ మూలను పైనుంచి కప్పే ఆన్‌లే గానీ క్యాప్ గానీ కావాలి. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటుందా?

మడివాళ వాసి:
పిల్లల విషయం సరే డాక్టర్ గారూ. కానీ ముప్పావు గంట నోరు తెరిచి ఉంచలేని పెద్దవాళ్ళకి, ఎంత దూది పెట్టినా తడి ఆగని చివరి పంటికి? అక్కడ కాంపోజిట్ అతుకుతుందా?

పళ్ళ డాక్టర్, జయనగర్:
తడి ఆగకపోతే అతకదు. అలాంటి చోట నేను తడిని కాస్త ఓర్చుకునే గ్లాస్ అయానమర్ అనే ఇంకో రకం సిమెంట్ పెడతాను. అది అంత గట్టిది కాదని తెలిసే పెడతాను.

నెల్లూరు అబ్బాయి, మారతహళ్లి:
డాక్టర్ గారూ, ఊడిన ముక్కను కాగితంలో దాచాను. ఇప్పుడు ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూశాను. ఒక పక్క ఫిల్లింగ్, దానికి అంటుకునే పంటి పెచ్చు. రెండూ విడిపోలేదు. రాత్రి పళ్ళు కొరుకుతానని మా రూమ్మేట్ అంటున్నాడు.

మెటీరియల్స్ ఇంజినీర్, యశ్వంతపుర:
అయితే ఆ మూల వరకు నా అనుమానం తప్పు తమ్ముడూ. అక్కడ అతుకు పట్టే ఉంది, పలచటి గోడే విరిగింది. ఆ ముక్క పారేయకుండా డాక్టర్‌కి చూపించు. ఎక్స్‌రే తీసి గోడ ఎంత మిగిలిందో కొలిచాకే మెటీరియల్ రేటు మాట్లాడు.

నెల్లూరు అబ్బాయి, మారతహళ్లి:
సరే అన్నా. ఫోర్ట్ దగ్గరున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకి ఈ వారంలోనే వెళ్తాను. అప్పటిదాకా ఎడమవైపే నములుతాను.