ఆల్టర్నేటివ్స్: ప్రత్యామ్నాయమా, వికల్పమా?

అరండల్‌పేట, గుంటూరు:
విద్యార్థుల కోసం లినక్స్ పాఠం తెలుగులో రాస్తున్నాం. ఉబుంటు లినక్స్‌లో జావా 11, 17 వెర్షన్లు రెండూ ఉన్నప్పుడు ఏది నడవాలో తేల్చే ఆదేశం అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్. ఇందులోని ఆల్టర్నేటివ్స్‌కు ‘ప్రత్యామ్నాయాలు’ అని రాశాం. సరిపోతుందా అండీ?

మొగల్రాజపురం, విజయవాడ:
సరిపోదండీ. ప్రకాశం బ్యారేజీ మీద రాకపోకలు ఆపినప్పుడు చూపించేది ప్రత్యామ్నాయ మార్గం. అసలుది లేనప్పుడు వాడేదన్న మాట. ఇక్కడ అసలు, బదులు అన్న తేడాయే లేదు. రెండు జావాలూ డిస్కులో ఎక్కడివక్కడే ఉంటాయి. /యూఎస్ఆర్/బిన్/జావా వట్టి లంకె (లింక్). అది /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్/జావా దగ్గరికి పంపుతుంది. అక్కడున్నది మరో లంకె, అదే అసలు ప్రోగ్రాము దగ్గరికి చేరుస్తుంది. ఆదేశం మార్చేది ఆ రెండో లంకెనే. దీనికి మన వ్యాకరణంలోనే మాట ఉంది: వికల్పం. ఏమి + అంటివి అన్నచోట సంధి వైకల్పికం కనుక ఏమంటివి, ఏమియంటివి రెండూ సాధువులే, ఏది వాడాలో రాసేవారి ఇష్టం.

బ్రాడీపేట, గుంటూరు:
అర్థం చక్కగా కుదిరింది. కానీ వ్యాకరణం మరిచిన పిల్లలకు ‘వైకల్యం’ స్ఫురిస్తుంది. మొదటిసారి వాడినచోట ఆ సంధి ఉదాహరణ ఒక్క వాక్యంలో ఇవ్వండి. ‘ఎంపిక’ను మాత్రం దీనికి వాడొద్దు. ఆదేశానికి --కాన్ఫిగ్ జావా అని జోడించి అడిగితే వచ్చే పట్టికలో సెలెక్షన్ అన్న నిలువు వరుసకు అది కావాలి. అదే పట్టికలోని ప్రయారిటీకి ప్రాధాన్యం అనండి. ‘ప్రాధాన్యత’లో భావప్రత్యయం రెండుసార్లు పడుతుంది.

అరండల్‌పేట, గుంటూరు:
ఏది నడవాలో వ్యవస్థే తేల్చుకునే ఆటో మోడ్‌కు ‘అప్రమేయ స్థితి’ అనొచ్చా? తెలుగు మెనూల్లో డిఫాల్ట్‌కు ఆ మాట కనిపిస్తోంది.

మొగల్రాజపురం, విజయవాడ:
వద్దు. అప్రమేయుడంటే కొలతకు అందనివాడు, విష్ణు సహస్రనామంలో మాట. ఇక్కడ జరిగేదంతా కొలతే! జావా 11 ప్రాధాన్యం 1111, 17ది 1711. పెద్ద అంకె గెలుస్తుంది. ఆటో మోడ్‌కు ‘స్వయం నిర్ణయం’, మాన్యువల్ మోడ్‌కు ‘చేతి ఎంపిక’ అనండి. ఈ తేడా పాఠంలో తప్పక చెప్పాలి. పట్టికలో 0 నొక్కితే స్వయం నిర్ణయం: రేపు 21 వేస్తే దాని అంకె 2111 కనుక లంకె దానికి మారిపోతుంది. అదే 17ను దాని సొంత వరుస అంకెతో ఎంచుకుంటే చేతి ఎంపిక: 21 వచ్చినా లంకె కదలదు. “కొత్తది వేశాం, పాతదే నడుస్తోంది” అనే ఫిర్యాదుకు తరచూ ఇదే మూలం.

బ్రాడీపేట, గుంటూరు:
ఇంకొక్కటి చేర్చండి. ప్రోగ్రామును నడిపే జావా, దాన్ని కంపైల్ చేసే జావాసీ వేర్వేరు వికల్ప సమూహాలు. ఒకదాన్నే మారిస్తే 17తో కంపైల్ చేసినది 11లో నడవక, క్లాసు ఫైలు వెర్షన్ కుదరలేదని దోషం వస్తుంది. రెండింటికీ --కాన్ఫిగ్ విడివిడిగా ఇవ్వాలి. జావా ఎక్కడుందో ఇతర ప్రోగ్రాములకు చెప్పే జావా_హోమ్‌ను ఈ ఆదేశం ముట్టుకోదు, దాన్ని చేత్తో దిద్దుకోవాలి. పైథాన్3ని మాత్రం ఈ పద్ధతిలో మార్చొద్దని పెద్దక్షరాలతో రాయండి. ఉబుంటు సొంత పనిముట్లు కొన్ని దాని మీదే నడుస్తాయి. వాటి మాడ్యూళ్లు వ్యవస్థతో వచ్చిన వెర్షన్‌కే కట్టి ఉంటాయి కనుక, మారిస్తే అవి తెరుచుకోవు. కొత్త పైథాన్ కావాలంటే వెర్షన్ అంకెతో సహా పేరు పెట్టి పిలవడమే క్షేమం.