గుర్రం ముందు కాలు కుంటుతోంది, కీలులో ఇంజెక్షన్ వేయించాలా?

నమస్తే అండి. మాది మలక్‌పేట దగ్గర. రేసులు మానేసిన 14 ఏళ్ల ఆడగుర్రాన్ని మూడేళ్లుగా పెంచుకుంటున్నాం. రెండు నెలలుగా ఎడమ ముందు కాలు కుంటుతోంది. ఆ కాలు నేలకు ఆనగానే తల పైకి ఎగరేస్తుంది. పొద్దున బిగుసుకుపోయి ఉంటుంది, పావుగంట నడిపిస్తే కాస్త సర్దుకుంటుంది. సిమెంటు రోడ్డెక్కితే మళ్లీ మొదటికే.

ఎక్స్‌రేలో గిట్ట పైనుండే ఫెట్‌లాక్ కీలు అరిగిందని తేలింది. నొప్పి తగ్గించే ఫినైల్‌బ్యూటజోన్ మందు పొడి పెట్టిన పది రోజులూ హాయిగా నడిచింది, ఆపగానే మామూలే. ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలకూ మంచిది కాదు కాబట్టి కొనసాగించలేదు. ఇప్పుడు డాక్టరు గారు కీలులోకే స్టెరాయిడ్, కీలు సాఫీగా కదిలేలా చేసే హయలురోనిక్ యాసిడ్ కలిపి ఎక్కిద్దామంటున్నారు. నా టెన్షనల్లా, ఇది బాగా ఒళ్లు చేసింది. ఇలాంటి గుర్రాలకు స్టెరాయిడ్‌తో గిట్టల వాపు, అదే లామినైటిస్, రావచ్చంటారు. ఉలవలు తగ్గించాం, పాపం ఖాళీ తొట్టి నాకుతోంది.

ఈ ఇంజెక్షన్ వేయించినవాళ్లు ఉంటే చెప్పండి: ఎన్ని నెలలు పనిచేసింది? తర్వాత ఎన్నాళ్లు కట్టేసి ఉంచారు? రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి గుర్రాన్ని తీసుకెళ్లినవాళ్లు ఉన్నారా? గిట్టలు సమంగా చెక్కి లాడాలు కొట్టే మంచి పనివాడు మన సిటీలో ఎక్కడ దొరుకుతాడు? పాతాయన గిట్ట ముందుభాగం మరీ పొడుగ్గా వదిలేశాడని నా అనుమానం.